పంటినొప్పి మొసలి

తెల్లదొరల కాలంలో దైవాశీర్వాదం గారు రాజోలు చుట్టుపక్కల మశూచికి టీకాలు వేసేవారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, అమ్మవారికి కోపం వస్తుందని తల్లులు పిల్లల జబ్బమీది మందు కడిగేసేవారు. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? టీకా వేశాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మందు ఆరేదాకా కథ చెప్పేవారు. ఆరగానే కథ సగంలో ఆపి లేచిపోయేవారు. మిగతా సగం ఎనిమిదో రోజున, పొక్కు చూడ్డానికి వచ్చినప్పుడే. టీకా అంటే గాదెల్లో దాక్కునే పిల్లలు ఆ రోజు ఆయన కోసం అరుగుమీద కాపు కాసేవారు.

భూమ్మీద మశూచి లేదని 1980లో రేడియో చెప్పిన వారం, రాజోలు బస్టాండులో ఒకావిడ ఆయన పక్కన కూర్చుని జబ్బమీది మచ్చ చూపించింది.

"శివకోడు బుచ్చిరాజు గారి అమ్మాయినండి, సూర్యావతిని. మొసలి కథ సగంలో వదిలేసి మళ్లీ రాలేదు మీరు."

"ఆ వారమే బదిలీ చేసేరమ్మా. ఏం మొసలి?" ఆయనకు నిజంగానే గుర్తు లేదు.

"పంటినొప్పి మొసలండి. చివర నేనే అల్లుకుని మనవలకి చెబుతున్నాను," అంటూ ఆవిడ మొదలుపెట్టింది. కథలో వైద్యుడు పడవ దిగాడు. మొసలి నోరు తెరిచింది. వైద్యుడు మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టాడు. అంతలో అమలాపురం బస్సు వచ్చింది. సూర్యావతి సంచి తీసుకుని లేచింది.

"తర్వాతేమైందమ్మా?" అన్నారు దైవాశీర్వాదం గారు, తనూ లేస్తూ.

"ఎనిమిదో రోజున మా ఇంటికి రండి, చెబుతాను."

"ఆయ్," అని ఆయన వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకున్నారు.