సారె బండ్లతో పంపిన నా బిడ్డను దేవుడు తిరిగి ఇచ్చాడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు చదువు రాదు, నేను చెప్తుంటే మా పాస్టరు గారు రాస్తున్నారు. కాస్త మెత్తగా చెప్పమన్నారు గానీ అది నా వల్ల కాదు, తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది!

పాతపట్నం అవతల ఒక ఊళ్లో నేను పుట్టకముందే కంబారిని. ఒక కరువు ఏట మా తాత తిండిగింజల కోసం కామందు ఇంట్లో కంబారిగా, అంటే విడుదల లేని పాలేరుగా చేరాడట, ఆయన పోయాక మా అయ్య, మా అయ్య పోయాక నేను! తెల్లారకముందే పేడ ఎత్తాలి, పగలంతా పొలం, చీకటి పడితే కల్లంలో కాపలా. మా అమ్మ చనిపోయిన రోజున కూడా నూర్పులు ముగించాకే నన్ను ఇంటికి పోనిచ్చారు, అప్పటికి ఊరివాళ్లే ఆమెను పాతిపెట్టేశారు. ప్రభువును తెలుసుకున్నాక ఆరాధనకైనా దొంగచాటుగానే వెళ్లేవాణ్ణి.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది యుద్ధం రోజుల్లో జరిగింది. కామందు తన కూతురిని గజపతినగరం దగ్గర ఒక ఊరికి ఇచ్చి పెళ్లి చేసి, సారె పంపించాడు. బండ్ల నిండా మిఠాయిలు, ఇత్తడి బిందెలు, వెనక ఒక పాడి ఆవు, ఆ ఆవును తోలుకుంటూ నా కూతురు సుందరమ్మ! ఇంకా పెద్దమనిషి కూడా కాని పిల్లను, కొత్త పెళ్లికూతురి ఇంట్లో చాకిరీకని, మమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా పంపేశాడు. నేను పొలం నుంచి వచ్చేసరికి నా భార్య అచ్చమ్మ గుడిసె ముందు నేల మీద పడి ఏడుస్తోంది. “ఆవుతో పాటు మన పిల్లనీ తోలేసినారు! నువ్వేటి సూస్తన్నావు, ఎల్లి అడుగు!” అంది.

వెళ్లి అడిగాను. కామందు నవ్వాడు. “మా సాలలో పుట్టిన దూడ మాది. మా కంబారోడికి పుట్టిన పిల్లా మాదే. పోరా!” అన్నాడు.

మన విశ్వాసులే కొందరు నన్ను ఓర్చుకోమన్నారు, దేవుడు చూసుకుంటాడన్నారు. అన్నవాళ్ల పిల్లలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు మరి! ఆ కోపంతోనే పొలం గట్టు మీద మోకాళ్లూని, “పెబువా, నాకు ఓర్పొద్దు, నా పిల్ల కావాల! నీ కొడుకుని సిలవేసిన నాడు పట్టపగలే సీకటి సేసినావు గదా, నన్నొక్కడినే ఊరుకోమంటావేటి?” అని అరిచాను. అది ప్రార్థనేనా అని అడిగినవాళ్లున్నారు. దేవుడు విన్నాడు, నాకదే చాలు!

మర్నాడే పాస్టరు గారు నన్ను శ్రీకాకుళంలో ఒక ప్లీడరు గారి దగ్గరకు తీసుకెళ్లారు. మనిషిని బానిసగా ఉంచుకోకూడదని మా తాతల నాడే చట్టం వచ్చిందని ఆయన చెప్తే, నేను ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చాను. సంతోషంతో కాదు సహోదరులారా, కడుపుమంటతో! శ్రీకాకుళం దాకా వచ్చిన చట్టానికి మా ఊరి దారి ఎవరూ చూపించలేదా?

నా బిడ్డను బలవంతంగా ఉంచుకున్నారని, నేనూ నా బిడ్డా ఎవరి సొత్తూ కామని కోర్టులో కేసు వేశాం. కామందు మా గుడిసె పీకించేశాడు. వాయిదా మీద వాయిదా పడింది. నా వైపు నిలబడి సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో ఒక్క మనిషి రాలేదు.

విచారణ రోజున కామందు తన చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చాడు. దేవుడి మీద ప్రమాణం చేసి, నేను కంబారినే కాదన్నాడు, నన్ను సొంత కొడుకులా పెంచానన్నాడు, సుందరమ్మ తనకు మనవరాలి లాంటిదని, ఇష్టపడే వెళ్లిందని అన్నాడు! చుట్టాలంతా తలలూపారు. “తండ్రీ, అబద్ధం గెలుస్తన్నాది, సూడు” అని లోపలే అనుకున్నాను.

అప్పుడు మా ప్లీడరు గారు లేచి కామందును నెమ్మదిగా అడిగారు. నిరుడు మీ తల్లిగారు పోయారు కదా, ఈ కొడుకు మీతో పాటు మైల పట్టాడా? పెద్దకర్మ నాడు మీ బంతిలో కూర్చుని భోంచేశాడా?

అవునంటే ఎదురుగా కూర్చున్న చుట్టాలే కులంలోంచి వెలి వేస్తారు, కాదంటే చెప్పింది అబద్ధమవుతుంది. కామందు ముఖం కందగడ్డలా అయింది. “ఏటండీ ఆ మాటలు! ఆడు మా మైల పట్టడమేటి, మా బంతిలో కూసోడమేటి! ఆడు మా తాతల కాడ్నించీ మా ఇంటి కంబారోడు! ఆడి పిల్లని మా ఇష్టమొచ్చిన సోటికి తోల్తాం!” అని కోర్టంతా వినబడేలా అరిచాడు.

మేజిస్ట్రేటు గారు ఆ మాటలన్నీ రాసుకున్నారు. నా పక్షాన నోరు విప్పేవాడు లేకపోతే దేవుడు కామందు నోరే విప్పించాడు! ఈ తండ్రీ కూతుళ్ల మీద ఎవరికీ ఏ హక్కూ లేదని, పిల్లను వెంటనే అప్పగించాలని తీర్పు వచ్చింది. దేవునికే మహిమ!

కానిస్టేబులుతో కలిసి ఆమదాలవలసలో రైలెక్కి, విజయనగరం మీదుగా గజపతినగరం వెళ్లాను. నా బిడ్డ పశువులశాల ఊడుస్తోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, “అయ్యా, మల్లీ ఎప్పుడు రమ్మన్నారు?” అంది. “రానక్కర్నేదమ్మా” అన్నాను. ఆ మాట దానికి అర్థం కాలేదు, చేతిలో చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఆ చీపురు నేనే లాగి పారేశాను.

సహోదరులారా, మీలో ఎవరి ఇంట్లోనైనా కంబారి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు వాణ్ణి వదిలిపెట్టి రండి, ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. మీకు తెలిసిన కంబారులకు దీన్ని చదివి వినిపించండి. అన్నా, తమ్ముడా, భయపడకు, నా మొర విన్న దేవుణ్ణి నమ్ము, నీ మొర కూడా వింటాడు. పాతపట్నంలో మా ప్రార్థన మందిరానికి రా. కోర్టుకు దారి నాకు తెలుసు, ఇద్దరం కలిసి నడుద్దాం.