సముద్రం కాడ కదిరమ్మ

రిసార్టు ఎట్లా ఉందని కదిరమ్మను ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "నీలంగా ఇంత పెద్ద తొట్టి కట్టినారప్పా. నిండా నీళ్ళు. మనుషులు దాంట్లో పడి ఈదతాండారు. ఒక్క గొర్రె లేదు!"

ఆమె లోకాన్ని గొర్రెల వైపు నుంచే చూస్తుంది. ముదిగుబ్బ దగ్గరి చిన్న ఊరు ఆమెది. ఊరి బయట జీవాలు తాగడానికి ఒక సిమెంటు తొట్టి కావాలి. ఆ మాట మీదే మండల పరిషత్తు సభ్యురాలిగా గెలిచింది. అంతకు మించి ఆమెకు రాజకీయం లేదు.

మండలాధ్యక్షుడి ఎన్నిక దగ్గరపడేసరికి రెండు పక్షాల బలం సమానమైంది. కదిరమ్మ చెయ్యి ఎటు లేస్తే కుర్చీ అటు. తొట్టి కట్టిస్తానని ఒక పక్షం నాయకుడు దేవేంద్ర ముందుగా మాటిచ్చాడు. ఇచ్చిన మర్నాడే తన సభ్యులందరితో పాటు ఆమెనూ బస్సెక్కించి, చెన్నై అవతల సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో దించాడు. దీన్ని క్యాంపు అంటారు. ఎదుటివాళ్ళు ఎత్తుకుపోకుండా మనవాళ్ళే ముందు ఎత్తుకుపోవడం.

టీవీలో పొద్దస్తమానం అదే వార్త. 'సాగరతీరాన సభ్యుల విలాసం' అని కింద అక్షరాలు పరుగెత్తేవి. ఏ రిసార్టో తెలియక, చేతికందిన రిసార్టునల్లా చూపించేవాళ్ళు.

దేవేంద్ర అందరి ఫోన్లూ తీసుకున్నాడు. ఇంటికి ఒకసారి మాట్లాడిస్తూ, "చోటు పేరు చెప్పొద్దక్కా" అని పక్కనే నిలబడ్డాడు.

"యాడుండావే?" అన్నాడు ఆమె భర్త శ్రీరంగప్ప.

"సముద్రం కాడుండా. చేపలు పెడతాండారు."

ఊరి పేరు బయటికి రాలేదని దేవేంద్ర సంతోషించాడు. కానీ శ్రీరంగప్ప ఇంట్లో సముద్రమంటే ఒక్కటే, బుక్కరాయసముద్రం. ఆయన అక్క తిమ్మక్క మెట్టిన ఊరు. తనను పిలవకుండా అక్క తన పెళ్ళానికి చేపల కూర వండిపెడుతోందని ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే బస్టాండుకు వెళ్ళాడు. అక్కడ ఎదురుపక్షం నాయకుడు ఓబులేసు కనిపించాడు.

"ఏమన్నా, వదినె యాడ?"

"యాడుంటాది? సముద్రంలో, మా అక్కింట్లో చేపలు తింటాండాది!"

ఓబులేసు ఆయనను అక్కడికక్కడే కార్లో ఎక్కించుకున్నాడు. వెనకాలే టీవీ వాళ్ళ బండి.

తిమ్మక్క వాకిలి ఊడుస్తోంది. తమ్ముడినీ కెమెరానూ చూసి చీపురు ఎత్తింది. "ఏమిరా, పెండ్లాన్ని నా ఇంట్లో ఎతుకుతాండావా? చూసుకో. మంచం కింద చూడు. ఉట్టి మీద కూడా చూడు!"

"మరి చేపలేవక్కా?"

"శనివారం పూట చేపలేందిరా!"

ఇంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో తిరిగి పోవడం ఓబులేసుకు నచ్చలేదు. చెరువుగట్టు మీద మైకు పట్టుకున్నాడు. "కదిరమ్మక్కా, యాడున్నా విను. ఆ గొర్రెల తొట్టి నేను కట్టిస్తా!"

శ్రీరంగప్ప మధ్యలో దూరి, "తినింది సాలు, ఇంటికి రా!" అన్నాడు.

రిసార్టులో సభ్యులంతా టీవీ చూసి పడీపడీ నవ్వారు. కదిరమ్మ మాత్రం నవ్వలేదు. దేవేంద్ర వైపు తిరిగింది. "అంటే నువ్వు ఇంగా కట్టలేదా అప్పా?"

దేవేంద్ర ఫోను తీసుకుని బయటికి పరుగెత్తాడు.

ఎన్నిక రోజు క్యాంపు బస్సు మండలాఫీసుకు పోతుంటే ఆమె ఊరి దగ్గర ఆపించింది. తొట్టి తయారై ఉంది. రంగు కూడా వేశారు. లోపల మాత్రం చుక్క లేదు.

"నీళ్ళేవీ?"

"తొట్టే కదక్కా నువ్వడిగింది."

కదిరమ్మ తొట్టి గట్టు మీద కూర్చుంది. "సరేప్పా. ఇంగ నా క్యాంపు ఈడే."

బస్సు హారన్ కొట్టింది. సభ్యులు కిటికీల్లోంచి కేకలేశారు. దేవేంద్ర బతిమాలాడు, ఆమె కదల్లేదు. చివరికి ఊరి బోరు నుంచి గొట్టం లాక్కొచ్చారు. నీళ్ళు పడుతుంటే శ్రీరంగప్ప గొర్రెలను తోలుకొచ్చాడు. అవి మూతులు పెట్టి తాగుతున్నాయి.

"ఇప్పుడన్నా లేయక్కా, టైమైపోతాంది!"

"నేను లేసినంక మీరు గొట్టం చుట్టుకొని పోతే? భూమిలో పూడ్చు."

పనివాళ్ళను పిలిచే వ్యవధి లేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో దేవేంద్రే పార పట్టుకున్నాడు. కదిరమ్మ కాసేపు చూసింది.

"ఇంగొంచెం లోతుకు తవ్వప్పా," అంది. "గొర్రెల డెక్కలు తగులుతాయి."