చేలో నీళ్లు తాగని ముఠా

మా జయకుమారి పిన్ని ముఠా చేలో నీళ్లు తాగదు. సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప రైతులందరికీ ఈ సంగతి తెలుసు. పొద్దున్నే ఆటోలు దిగి సాళ్లల్లోకి వంగిన ఇరవై మంది ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాల దాకా తలెత్తరు. అన్నం తిని మళ్లీ వంగితే పొద్దు వాలేదాకా ఎత్తరు. నీళ్లు తాగితే పక్కకెళ్లాలి. పక్కకెళ్దామంటే నడుమెత్తు మిరపచెట్లు, వాటికి అవతల కట్టె పీకేసిన పత్తిచేను, గట్టు మీద ఆసామి, పక్క చేలో పురుగుమందు కొట్టే మగవాళ్లు. మరుగెక్కడుంది? అందుకని పిన్ని తన ముఠాకు ఒక నియమం పెట్టింది. అన్నం ముద్ద దిగడానికి ఒక గుక్క, అంతే. మిగతాది సాయంత్రం ఇంటికొచ్చి తాగడమే. మేస్త్రిగా ఆమెకున్న పేరంతా ఆ నియమం మీదే నిలబడింది. ఇందులో నేను ఆమెను తప్పుపట్టలేను. ఇప్పుడంటే ఊళ్లో టీచర్ని గానీ, ఇంటరు చదివే రోజుల్లో రెండు వేసవులు నేనూ ఆ ముఠాలో కాయ కోశాను, నోరెండినా నోరెత్తకుండా కోశానని నేనూ గొప్పగా చెప్పుకున్నాను.

ఆ నియమం తర్వాత అందరికీ తెలిసింది ఆమె డబ్బా. ఎప్పుడో బిస్కెట్లున్న గుండ్రటి రేకు డబ్బా. ఆటో కదిలేముందు పిన్ని దాని మూత తీసి అందరికీ నొప్పి బిళ్లలు పంచేది. మందుల షాపులో చీటీ అడక్కుండా షీట్లకు షీట్లు ఇచ్చేవాళ్లు. నడుం పట్టేశాక బిళ్ల వేసుకోవడం తెలివితక్కువని, పట్టకముందే వేసుకోవాలని ఆమె వాదన. ఎవరికైనా ఆ పూట బిళ్ల అందకపోతే తన వాటా ఇచ్చేసేది. మనుషుల్ని బాగా చూసుకోవడం అంటే ఆమెకు తెలిసింది అదే. కూతురు మహిమ పదో తరగతి తప్పి ముఠాలో చేరిన రోజున తల్లే దగ్గరుండి బిళ్ల మింగించింది.

నిరుడు కోతలప్పుడు పిన్ని కాళ్లు వాచాయి. ఆటోలో వేలాడేసి కూర్చుంటే అంతేలే అంది. తర్వాత దురద మొదలైంది. మిరప ముట్టుకునేవాళ్లకు చేతులు మండడం, దురద పెట్టడం మామూలే కదా, ఘాటు అనుకుని పెరుగు రాసుకుంది, కొబ్బరినూనె రాసుకుంది. కానీ ఆమెకు దురద వీపు మీద పుట్టింది. మిరపకాయ వీపునెందుకు తాకుతుంది? ఈ చిన్న ప్రశ్న ఇరవై మందిలో ఒక్కరికీ తట్టలేదు. పిల్లలకు ప్రశ్నలు వేసి బతికే నాకూ తట్టలేదు. మూత్రం నురగొస్తున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. గొడ్డుకారం కలుపుకుని అన్నం తినే మనిషి కూర వాసనకే వాంతి చేసుకోవడం మొదలుపెట్టాక ఆమె భర్త, మా నాన్న తమ్ముడు ఎలీషా బాబాయి నా దగ్గరకొచ్చి, మీ పిన్నిని ఒకసారి ఎక్కడన్నా చూపించమ్మా అన్నాడు.

గుంటూరులో మేం కలిసిన డాక్టరు పేరు సిద్దికా. చిన్న వయసు, నెమ్మదైన మాట. బీపీ రెండుసార్లు చూసింది. రక్తపరీక్ష కాగితం చాలాసేపు చదివింది. ఏం బిళ్లలు వాడతారమ్మా అని అడిగింది.

"ఎక్కువేం కాదు డాక్టరుగారూ. రోజూ ఒకటి, కోతలప్పుడు రెండు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా మహిమ పుట్టకముందు నుంచి" అంది పిన్ని. మహిమకు ఇరవై ఏడేళ్లు.

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టేసింది.

ఆమె కోప్పడలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మూత్రపిండంలో కంటికి కనపడని జల్లెడలు లక్షల్లో ఉంటాయి. రక్తంలోని చెత్త, ఎక్కువైన నీరు అవే వడగడతాయి. నొప్పి బిళ్ల వేసుకున్నప్పుడల్లా వాటికి వెళ్లే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు లేకుండా ఎండలో పనిచేస్తే ఇంకా తగ్గుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే జల్లెడలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి, మూసుకుపోయినవి మళ్లీ తెరుచుకోవు. దానివల్ల బీపీ పెరుగుతుంది, పెరిగిన బీపీ మిగిలిన జల్లెడల్ని పాడుచేస్తుంది. ఇంత జరుగుతున్నా నొప్పి అంటూ ఏమీ ఉండదు. పిన్నికి వందలో ఎనిమిది పాళ్లు మిగిలాయట. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టే అనుకుని బతికిన మనిషికి ఈ మాట ఎలా ఎక్కుతుంది? ఆమె నా చెయ్యి పట్టుకుని, బిళ్లలేమన్నా రాసిచ్చిద్దేమో అడుగు అంది.

మందులున్నాయి, బీపీకీ వాపుకీ రక్తం పట్టడానికీ. కానీ వాటితో గడిచేది కొద్ది నెలలే. ఆ తర్వాత దారులు మూడని డాక్టరు చెప్పింది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవడం. లేదా పొట్టలోకి గొట్టం పెట్టించుకుని ఇంట్లోనే రోజూ నీళ్లసంచి ఎక్కించి దించుకోవడం, దానికి గది, చేతులు, పడక ఎంతో శుభ్రంగా ఉండాలి. లేదా ఎవరైనా ఒక కిడ్నీ ఇవ్వడం. ఏదీ వద్దనుకుంటే బాధ తెలియకుండా మందులిచ్చి చూసుకుంటామనీ చెప్పింది. మిషన్ అవసరం ఎప్పుడైనా రావచ్చు, ముందు ఎడమచేతిలో చిన్న ఆపరేషన్ చేసి సూదులు గుచ్చే నరాన్ని సిద్ధం చేసుకోవాలంది. అది గట్టిపడడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి ఇప్పుడే చేయించుకోమంది.

పిన్ని చేయించుకోలేదు. మా ఊరి చెంచురామయ్యగారు డయాలసిస్ మొదలుపెట్టిన నాలుగో నెలలో పోయారు. మిషనెక్కితే మనిషి ఇక దిగడని ఊరంతా అనుకుంది. ఆయన జబ్బు బాగా ముదిరాక వెళ్లారని, అందుకే అలా జరిగిందని నేను మొత్తుకున్నాను. ఎడమచెయ్యి కోయించుకుంటే కాయ కోసేదెట్లా అని ఆమె నన్నే ఎదురు అడిగింది. నిజం చెప్పాలంటే నేను గట్టిగా వాదించలేదు. ఆ మిషన్ని తల్చుకుంటే నాకూ భయమేసేది. బిళ్లలు మాత్రం మానేసింది, ఆ డబ్బాను పెట్టె అడుగున పెట్టింది. రెండు నెలలు అలా గడిచిపోయాయి.

పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఆమె బాగా నీరసించింది. చూడవచ్చిన వాళ్లంతా వేడి చేసిందన్నారు. కొబ్బరిబొండాలు తెచ్చారు. మూడు రోజుల్లో ఆరు బొండాలు తాగించాం, వాటిలో రెండు నేను తెచ్చినవి. నాలుగో రోజు పొద్దున బాబాయి ఫోను చేశాడు. వెళ్లేసరికి పిన్ని మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. నీళ్లల్లో మునిగిన మనిషిలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. కళ్లు నా మీదే ఉన్నాయి. మాట రావడం లేదు. నూటెనిమిదిలో గుంటూరు చేరేదాకా మహిమ తల్లి వీపు నిమురుతూనే ఉంది. నేను ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మర్చిపోయాను.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. కొబ్బరినీళ్లలోని పొటాషియం బయటికి పోయే దారిలేక రక్తంలో పేరుకుందట, ఇంకో పూట ఆలస్యమైతే గుండె ఆగిపోయేదట. ప్రేమతో తెచ్చిన బొండాలు! ఆ మాట విన్న తర్వాత చాలా రోజులు నేను బొండాల బండి పక్కనుంచి నడవలేకపోయాను. చేతిలో నరం సిద్ధంగా లేదు కాబట్టి మెడలోకి గొట్టం దించి మిషనెక్కించారు. ఎర్రటి రక్తం గొట్టంలో పరుగెత్తి మిషన్లోకి పోతుంటే పిన్ని చూసి నా వేలు గట్టిగా పట్టుకుంది.

"అది నా రక్తమేనా? మళ్లీ నాకే వచ్చిద్దా?"

వస్తుందని చెప్పాను. నాలుగు గంటలూ ఆమె కళ్లు మూయలేదు. మూస్తే ఎక్కడ పోతానో అన్నట్టు ఆ గొట్టాన్నే చూస్తూ ఉంది. అయితే మర్నాటికి ఊపిరి తిరిగింది, రెండో వారానికి అన్నం సయించింది. చేతి ఆపరేషన్‌కు ఆమే ఒప్పుకుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు. మణికట్టు దగ్గర చెవి పెడితే గుయ్యిమని రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. రోజూ పొద్దున లేవగానే ఆమె ముందు ఆ చప్పుడు వినేది. అది ఆగిపోయిందేమోనన్న భయంతోనే ఆమెకు తెల్లవారేది.

కిడ్నీ ఇస్తానని మహిమ అప్పుడే అంది. బాబాయికి షుగరు, ఆయన పనికిరాడు. పిన్నికి తోడబుట్టినవాళ్లు లేరు. నేను కూతురి వరసే గానీ చట్టం లెక్కలో దగ్గరి బంధువును కానట, కమిటీ అనుమతి కావాలట. ఆ మాట వినగానే నాకు ఊరట కలిగింది. సిగ్గుపడాల్సిన ఊరటే, అయినా దాచుకోను.

మూడు వారాలు పిన్ని వద్దంది. చిన్నపిల్ల తల్లివి, నీ సంసారం చూసుకో అని తిట్టింది. మహిమ తల్లి మాట వింటేగా. "నాకు రెండున్నయ్. ఒకటి చాలంట, డాక్టరుగారే చెప్పారు" అని పట్టుబట్టింది. చివరికి పిన్ని ఊ అంది. ఊ అన్న రోజు నుంచి ఆమె భయం రెట్టింపైంది. పిల్లకు మత్తు పడుతుందో లేదో, తర్వాత కాయకోతకు వంగగలదో లేదో, ఇంకో బిడ్డ పుడితే ఎట్లా అని నన్ను ప్రశ్నలతో చంపేది. కానీ ఆ ప్రశ్నల మధ్యలో, మళ్లీ కోతలకు వెళ్లే మాట కూడా వచ్చేది. ఆమె ముఖంలో ఆశ చూసింది నేను ఆ వారం రోజులే.

బ్లడ్ గ్రూపు కలిసింది. మిగతా పరీక్షల కోసం రక్తం, మూత్రం తీసుకున్నారు, స్కానింగులు చేశారు. తర్వాతి మంగళవారం డాక్టరు సిద్దికా మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి పిలిచి తలుపు వేసింది. తలుపు వేసినప్పుడే నాకు అర్థమైంది.

మహిమ కిడ్నీ తీసుకోవడం కుదరదంది. మహిమ వాటిలోనూ సగం జల్లెడలు మూసుకుపోయాయి. మూత్రంలో ప్రోటీను పోతోంది. ఇప్పుడే తెలిసింది కాబట్టి మిగిలిన సగాన్ని చాలా ఏళ్లు కాపాడుకోవచ్చంది. నొప్పి బిళ్ల జన్మలో ముట్టకూడదు, దాహానికి సరిపడా నీళ్లు తాగాలి, ఉప్పు తగ్గించాలి, బీపీ చూసుకోవాలి, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. కాపాడుకోవచ్చన్న మాటను డాక్టరు రెండుసార్లు చెప్పింది. పిన్నికి వినపడినట్టు లేదు. ఆమె కూతురి నోటి వైపు చూస్తూ ఉంది.

"నేనే మింగించాను" అంది. "ఆటోలో నా పక్కన కూసోబెట్టుకుని నేనే మింగించాను. ఉమ్మేస్తుంటే నోరు మూసి పట్టుకున్నా."

మహిమ ఏడవలేదు. తల్లి ఎడమచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బరువు పడకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇంటికొచ్చాక పిన్ని పెట్టె అడుగున పెట్టిన డబ్బాను తీసి, అందులో మిగిలినవన్నీ మరుగుదొడ్డిలో పోసింది. ఆ వారమే ఇల్లిల్లూ తిరిగి ముఠాలోని ప్రతి మనిషికీ తన నోటితో చెప్పింది, నేనిచ్చిన బిళ్లల వల్లే ఇట్లా అయింది, మీరూ చూపించుకోండి అని. ఒకామె గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. ఆరోగ్య కేంద్రం నర్సును పిలిపించి బడి వరండాలో అందరికీ పరీక్షలు చేయించాం. ముగ్గురికి తేడా ఉన్నట్టు తేలింది. నేను రెండు వేసవుల మనిషిని కాబట్టి బతికిపోయాను.

ఇప్పుడు మళ్లీ కోతలు. సోమ, బుధ, శుక్రవారాలు పిన్ని నరసరావుపేటలో మిషనెక్కుతుంది. పెద్దాసుపత్రి జాబితాలో పేరుంది, చనిపోయినవాళ్ల కిడ్నీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మంగళ, గురు, శనివారాలు ముఠాతో చేలోకొస్తుంది. కాయ కోయదు. నాలుగు సరుగుడు కర్రలు పాతి, చుట్టూ పాతచీరలు కట్టించి, ఆడవాళ్లకు మరుగు ఏర్పాటు చేసింది. ఒక ఆసామి మొహం చిట్లిస్తే, వేరే ముఠాను చూసుకోండి అంది. గట్టు మీద నీళ్ల క్యాను పెట్టుకుని కూర్చుని గంటకోసారి అందర్నీ పిలుస్తుంది.

పోయిన శనివారం బడి ఒంటిపూట కావడంతో నేనూ వెళ్లాను. ఎండ మండిపోతోంది. పిన్ని కొంగు తడిపి పెదవులకు అద్దుకుంటోంది. రోజుకు ముప్పావు లీటరు మించి నీళ్లు ఆమె తాగకూడదు, ఆ రోజు వాటా అప్పటికే అయిపోయింది. మహిమ సాల్లోంచి వచ్చి గ్లాసు పట్టింది.

"వచ్చే నెల పరీక్షలో ఇంకా తగ్గిందని వస్తదేమోనే" అంది పిన్ని.

"రాదులేమ్మా."

"తాగు. నా ఎదురుగా తాగు."

మహిమ గ్లాసు ఎత్తింది. పిన్ని రెప్ప వేయకుండా చూస్తోంది. కూతురు ఒక్కో గుక్కా మింగుతుంటే, తల్లి ఎండిన గొంతు కూడా అలాగే కదులుతోంది.