తలావిన్ పటంలో లేని ఇళ్ళు

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు అస్కర్‌లో మా వలస కూలీల క్యాంపు గేటు ముందు బస్సెక్కాను. ఫిలిప్పీన్స్‌లోని తలావిన్ అనే ఊరు చూడడానికి బయలుదేరాను. ఆ బస్సు మనామా దాటి పోదని నాకూ తెలుసు. కానీ మీనా సల్మాన్ ఓడరేవు దగ్గర ఒక గోదాములో ఆ ఊరివాళ్ళు ఇరవైమంది కూడి, డ్యాంలో మునగబోతున్న తమ ఊరిని కాగితం మీద గీస్తున్నారు. మా క్యాంపులో పరంజా కట్టే రోడెల్ ఆ ఊరివాడే. నేను సర్వేవాళ్ళ దగ్గర టేపు పట్టే మనిషిని. కొలతలు తప్పితే చెప్పమని నన్ను పిలిచాడు.

పక్క సీట్లో మా ఊరి గంగారాం కూచున్నాడు. మనామాలో సామాన్ కొనుక్కోవడానికి పోతున్నాడు. సంగతి విని నవ్వాడు.

"మన ఊరు మునిగినప్పుడు ఏం పీకినమే? ఇప్పుడు ఆళ్ళ ఊరు మునిగితే నీకేమొచ్చె? సెలవు నాడు సల్లగ పండుకోక!"

నాకు ఒళ్ళు మండింది. "ఏం పీకలె గాబట్టే పోతున్న" అన్నాను.

ఎనిమిదింటికి బస్టాండులో రోడెల్ కలిశాడు. అక్కడి నుంచి ఒక పికప్ బండిలో పావుగంట. మేం మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలో; మిగతావాళ్ళ మాటలు నాకూ, నా మాటలు వాళ్ళకూ రోడెలే మార్చి చెబుతాడు. "యల్లా భాయ్, మా ఊరి నేనా అత్త విమానం ఈ సాయంత్రమే" అని తొందరపెట్టాడు. నేనా అత్త జిదాఫ్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది; నేనా ఆమె పేరు, ఊరివాళ్ళందరికీ అత్తే. సెలవు మీద పోతూ ఆ పటాన్ని ఊరికి తీసుకుపోవాలి. వచ్చే వారం డ్యాం అధికారులు అక్కడ జనం మాట వింటారట. వాళ్ళ కాగితంలో తలావిన్ ఎగువన ఉన్న నాలుగు పల్లెల చోట 'అడవి, మనుషులు లేరు' అని ఉంది. మనుషులే లేకపోతే ముంచడానికి అడ్డేముంది?

గోదాము స్టోర్‌కీపరు కూడా ఆ ఊరివాడే. పెట్టెల మధ్య గోధుమరంగు ప్యాకింగు కాగితం పరిచి, నాలుగు మూలలా ఇనుప నట్లు పెట్టారు. చూడబోయేవాళ్ళ కోసం ఊరి సంగతి చెబుతాను. తూర్పున సముద్రం, పడమట కొండ. కొండ మీద పుట్టిన ఏరు ఊరి దగ్గర రెండు పాయలవుతుంది. దిగువన కొబ్బరి తోటలు, ఎగువన మెట్లు మెట్లుగా వరిమళ్ళు. నడిమధ్య స్పెయిన్‌వాళ్ళ కాలపు రాతి చర్చి. జపాను సైన్యం వచ్చినప్పుడు చర్చి గంటను ఏటి ఒడ్డున పాతిపెట్టి, యుద్ధం అయ్యాక తవ్వి తీశారట. "మా నాన్న భుజం మీద మోశాడు" అంది నేనా అత్త, భుజం తడుముకుంటూ. ఏరు ఒకసారి ఊరిని తుడిచిపెడితే, ఊరు ఊరంతా కొంచెం పైకి జరిగి మళ్ళీ కట్టుకున్నారు. మొండిఘటాలు.

మధ్యాహ్నం అన్నంలోకి చేపల చారు పోశారు. చింతపండు పులుపు నాలుక్కి తగలగానే ఇంటికి వచ్చినట్టనిపించి ఇంకో గరిటె అడిగాను.

తిన్నాక కొలతలు చూశాను. అంగల్లో చెబితే మీటర్లలోకి మార్చాను. ఎగువ పల్లెలకు వచ్చేసరికి ఆగిపోయాను. అక్కడ ముప్ఫైకి పైగా కొంపలున్నాయని రోడెలే చెప్పాడు. కాగితం మీద ఆరే ఉన్నాయి. రోడెల్ ఎప్పుడూ చెప్పే వాళ్ళ నాన్న ఇల్లు కూడా లేదు.

"మిగతావేవి?" అన్నాను.

ఒకరిద్దరు మూలల్లో నట్లు సర్దారు. చివరికి నేనా అత్త అంది. "వాటికి పట్టాల్లేవు బాబూ. చూపిస్తే ముందు వాటినే పీకేస్తారు."

అప్పుడు మా ఊరి సంగతి చెప్పాను. గోదావరి మీద డ్యాం కట్టేముందు లెక్క రాయడానికి వచ్చినవాళ్ళకు, శిస్తు పెరుగుతుందని భయపడి, మా నాయిన మూడు బావులుంటే ఒక్కటే చూపించాడు. ఊరంతా అంతే. మామిడి చెట్లను అడవి చెట్లన్నారు, ఇళ్ళను పశువుల కొట్టాలన్నారు. కాగితంలో లేనివాటికి పరిహారం రాలేదు. నీళ్ళు రాకముందే మా ఊరు కాగితం మీద సగం మునిగింది.

"మునిగిన సగాన్ని మేమే ముంచుకున్నాం అత్తా" అన్నాను.

రోడెల్ పెన్సిలు లాక్కున్నాడు. ఏటి మలుపు దగ్గర వాళ్ళ నాన్న ఇల్లు గట్టిగా గీశాడు. కాగితం చిరుగుతుందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఒకరి మీద ఒకరు వంగారు. ఇళ్ళు, పనస చెట్లు, సమాధులు, పందుల దొడ్లు, అన్నీ వచ్చాయి. "పట్టా లేకపోతే పొయ్యి వెలగదా?" అంటూ నేనా అత్త ప్రతి ఇంటి పక్కనా పేరు రాయించింది. మూడున్నరకు పటాన్ని అట్టగొట్టంలో దూర్చి, "దీన్ని సామాన్‌లో వెయ్యను, ఒళ్ళో పెట్టుకుని పోతా" అని బయలుదేరింది. నేను స్టోర్‌కీపర్ని అడిగి మూరెడు కాగితం, ఒక పెన్సిలు తెచ్చుకున్నాను.

అయిదు గంటల బస్సులో గంగారాం సంచులతో కూచుని ఉన్నాడు. రానూపోనూ ఖర్చు పెద్దగా కాలేదు. ఒక్క రోజులో చూసి రాగలిగిన ఊర్లలో తలావిన్‌కు మించినది లేదంటాను. తన మీద రాసిన అబద్ధాన్ని ఒప్పుకోని ఊరది.

కాగితం మోకాళ్ళ మీద పరిచి గోదావరి గీత గీశాను. మా గల్లీ గీశాను.

"మీకు బావులెన్నుండెరా?" అని గంగారాంను అడిగాను.

"ఒకటే" అన్నాడు, అలవాటుగా. అని, డ్రైవరు వైపు ఒకసారి చూశాడు.

నేను పెన్సిలు కాగితం మీంచి ఎత్తలేదు. బస్సు సిత్రా దాటింది.

"రెండుండె" అన్నాడు మెల్లగా. కాసేపటికి సంచులు కింద పెట్టి, కాగితం మీదికి వంగి వేలు పెట్టాడు. "రాయి, రెండు. ఈడొకటి, ఈడొకటి. ఎవడొస్తడో రానియ్యి."