మేడమీది క్యాంపు

ఒక మాట నా ఛాతీలో చాలా ఏళ్ళుగా కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా సంగతి. చిన్నప్పుడు ఎడమ కాలికి పోలియో వచ్చింది. కుంటుతాను, కానీ నడుస్తాను. ఇప్పుడు కోదాడలో ఉంటున్నాను గానీ, అప్పట్లో మిర్యాలగూడలో టైలరింగ్ షాపు ఉండేది. బ్యాంకు ముందు ర్యాంపు లేదని అర్జీ పెట్టాను. కట్టాక అది మరీ నిటారుగా ఉందని ఇంకో అర్జీ పెట్టాను. నన్ను కసురుకున్న గుమాస్తా ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా నేను మరచిపోను. అది నా గుణం. గొప్పగా చెప్పుకోవడం లేదు.

నా షాపు పక్కనే సైదులు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. నాకంటే చిన్నవాడు. నడుము కింద రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ వచ్చేవాడు. పొద్దున్నే ఆ బేరింగుల గరగర వినిపించగానే నేను మిషన్ ఆపి రెండు టీలు చెప్పేవాణ్ణి. మిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వచ్చేది. అతని బల్ల మీద ఎవరి ఫోనో పాడుతూ ఉండేది. ఒకసారి ప్యాంటు గుడ్డ ముక్కలు కలిపి ఆ చెక్కకు మెత్త కుట్టి ఇస్తే, దాన్ని సింహాసనం అని పిలిచి, గిరాకీకి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. అంత మంచి పొద్దులు నాకు మళ్ళీ రాలేదు.

మరి అలాంటివాడికి నేను అది ఎలా చేయగలిగాను?

ఒకరోజు టీకొట్టు దగ్గర నలుగురూ ఉండగా నన్ను చూపించి అన్నాడు: "మా అన్నది హాఫ్ టికెట్, నాది ఫుల్ టికెట్. వికలాంగులల్ల గూడ ఈయన సగమే!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరు ఏ బెంచీ మీద కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. అందరికోసం కొట్లాడేది నేను, సగం మనిషినీ నేనేనా? సైదులు సాయంత్రానికే ఆ మాట మరచిపోయాడు. నేను దాచుకున్నాను.

తరువాత సూర్యాపేటలో ఒక సంస్థవాళ్ళు క్యాంపు పెట్టారు. మూడు చక్రాల స్కూటీలు, చేత్తో తిప్పే సైకిళ్ళు, నడవడానికి కాలికి బిగించుకునే కాలిపర్లు ఇస్తారన్నారు. సైదులు ఆశంతా స్కూటీ మీదే. దామరచర్లలో కరెంటు ప్లాంటు పనికి వచ్చిన కూలీలు వేలమంది ఉన్నారు, ఫోన్లు బాగుచేసేవాడు లేడు. స్కూటీ ఉంటే రోజూ పోయి రావచ్చు. దారంతా బస్సులో అదే చెప్పాడు.

క్యాంపు ఫంక్షన్ హాలు మేడమీద. లిఫ్టు లేదు. కాళ్ళు లేనివాళ్ళకు బండ్లిచ్చే క్యాంపు మేడమీద! ఎక్కలేనివాళ్ళు కింద చెట్ల నీడన కూర్చున్నారు. ఎక్కగలిగినవాళ్ళు వాళ్ళ తరఫున పైకి వెళ్ళి చెప్పి రావాలి. అక్కడి పద్ధతి అది. ఇంకే రోజైనా ఆ మెట్ల మీదే నిలబడి గొడవ చేసేవాణ్ణి. ఆ రోజు రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా ఎక్కాను. నేను ఎక్కగలను, సైదులు ఎక్కలేడు. సగం మనిషికి ఆ రోజు అది రుచిగా అనిపించింది.

బల్ల దగ్గరి మేడమ్ సైదులు గురించి అడిగింది. చేతుల్లో బలం ఉందా? ఉంది. చూపు? బాగుంది. ఫిట్స్ గిట్ల వస్తాయా? ఫిట్స్ వచ్చేవాళ్ళకు స్కూటీ ఇవ్వరట.

"అప్పుడప్పుడు వస్తయి మేడమ్," అన్నాను.

ముందే అనుకుని వెళ్ళానా? లేదు. నోరు జారిందా? అదీ కాదు. ఆమె ఇంకోసారి అడిగింది. నేను ఇంకోసారి వస్తాయన్నాను.

కిందికి దిగేసరికి సైదులు తల పైకెత్తి చూస్తున్నాడు.

"ఏమన్నరే అన్నా?"

"స్కూటీ రాదట తమ్మీ. చేతి సైకిల్ రాసిండ్రు."

"ఎందుకట?"

"ఏదో రూలట."

చెక్కను బస్టాండు వైపు తిప్పాడు. తరువాత నవ్వాడు. "నువ్వుండంగ నాకేం ఫికరే? ఒక్క అర్జీ కొట్టు, రూలే ఉరుకుతది."

"కొడతలే," అన్నాను.

కొట్టలేదు. అన్నిటికీ అర్జీ పెట్టేవాణ్ణి, దానికి పెట్టలేదు. "నా అర్జీ ఏమైందే?" అని కొన్నాళ్ళు అడిగాడు. పైకి పోయింది, చూస్తున్నారు అన్నాను. తరువాత అడగడం మానేశాడు. దామరచర్లలో ఇంకెవరో షాపు పెట్టుకున్నారు. సైదులు ఆ చేతి సైకిలే తిప్పాడు, ఎండలో, ఎత్తు రోడ్ల మీద, ఇన్నేళ్ళూ.

కింద కూర్చున్న మనిషిని ఒక్కసారి వచ్చి ఆ క్యాంపువాళ్ళే అడగవచ్చు కదా? నా మాట నమ్మడానికి అంత తొందరేమిటి? ఇదిగో, ఇక్కడ కూడా నేను ఫిర్యాదే చేస్తున్నాను.

మొన్న మిర్యాలగూడ వెళ్ళినప్పుడు కలిశాను. కుడి భుజం అరిగిపోయిందని దవాఖానలో చెప్పారట. గ్లాసు ఎడమ చేత్తో ఎత్తుతున్నాడు. "ఇప్పుడు స్కూటీ ఇచ్చినా హ్యాండిల్ పట్టలేనే అన్నా," అని నవ్వి నాకు టీ చెప్పాడు. ఆ టీ తాగాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, చక్కెర ఎక్కువైందన్నాను.

సైదులుకు ఫిట్స్ లేవు. ఎన్నడూ లేవు. ఉన్నాయని చెప్పింది నేను.

ఇది రాశాక ఛాతీ కొంచెం తేలికైంది. అతని భుజం మాత్రం అలాగే ఉంది.