వీరాచారి తులం వెండి

పన్నెండేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. పది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

రాజమండ్రిలో మా పఠనమందిరంలో విద్యుత్తు మీద ఉన్న రెండు పుస్తకాలనూ, పాతదాన్నీ కొత్తదాన్నీ, ఆసాంతం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. గురువు లేడు. ఆ గర్వం ఉండేది. వీరాచారి అనే కంసాలి రాగి, జింకు పలకలున్న జాడీలతో విద్యుత్తు పుట్టించి ఇత్తడి మీద వెండిపూత వేసేవాడు. మునసబుగారు తమ పూజగిన్నెను అతనికిచ్చారు. పూత వేసిన పూట నేనూ అక్కడే కూర్చున్నాను. పాత పుస్తకం చెప్పినట్టు తీగచుట్టలో దిక్సూచి పెట్టి, ముల్లు ఎంత తిరిగిందో, ఎంతసేపు నిలిచిందో చూసి, పారిన విద్యుత్తును లెక్కగట్టాను. వెయ్యికి కాస్త పైన వచ్చింది.

పూతకని మునసబుగారిచ్చిన వెండి పలకలో తులం తరిగింది. అదంతా గిన్నెకే పట్టిందా? దేవుడి పాత్రను త్రాసులో పెట్టకపోవడం ఆ ఇంటి ఆచారం. పూతకు ముందూ తూచలేదు, తర్వాతా తూచలేదు. ఇక మిగిలింది నా లెక్క. కొత్త పుస్తకం పారిన విద్యుత్తును కూలూంబుల్లో కొలుస్తుంది; ఒక్కో కూలూంబుకు ఎంత వెండి పడుతుందో అందులో ఉంది. నా వెయ్యీ కూలూంబులే అనుకుని గుణించాను. తులంలో పదో వంతే వచ్చింది.

“మిగతాది ఏదయ్యా?” అన్నారు మునసబుగారు.

“గిన్నె మీదే ఉందండి.” వీరాచారి నా వైపు తిరిగాడు. “ఏవండీ పంతులుగారూ, తమరి పుస్తకం ఎప్పుడైనా వెండి ముట్టుకుందాండీ?”

అందరూ నవ్వారు. నాకు మండింది. “పుస్తకం దొంగతనం చెయ్యదు ఆచారీ” అన్నాను.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతని చేతికి వెండి ఇవ్వలేదు. రెండు నెలలకు జాడీలు సర్దుకుని యానాం వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు మందిరానికి మూడో పుస్తకం వచ్చింది. అందులో ఒక్క వాక్యం. పాత పద్ధతిలో వచ్చే కొలత ఒకటి పది కూలూంబులకు సమానమట. అంటే నా వెయ్యి పదివేల కూలూంబులు. తులం సరిగ్గా సరిపోయింది.

అప్పుడు నాకేమనిపించిందనుకున్నారు? సంతోషం. పారినది ఒకటే అయినా రెండు పుస్తకాలు రెండు కొలతలతో కొలవడమేమిటి, ఆ రెంటినీ పది కలపడమేమిటి, పదే ఎందుకు? ఆ మధ్యాహ్నమంతా అదే వెతికాను. వీరాచారి గుర్తుకొచ్చింది పుస్తకం మూశాకే.

మునసబుగారి ఇల్లు నాలుగడుగులే. ఎందుకు వెళ్ళలేదు? ఏ అంకె ఏ కొలతలో ఉందో చూసుకోనివాడంటారనా? అంతే. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు. నిరుడు పడవలో యానాం మీదుగా వెళ్ళాను. రేవులో ఆగింది. దిగలేదు.

అతను ఏమీ తీయలేదు. తులం వెండీ ఆ గిన్నె మీదే ఉంది. ఈ మాట నా చేతిరాతలో ఎలా ఉంటుందో ఇవాళే చూశాను.