బహ్లా బస్తాకు రెండు చెవులు

ప్రపంచ వర్తక చరిత్రలో తెరచాప తర్వాత చెప్పుకోదగ్గ ఆవిష్కరణ గోనెసంచి చెవి. చరిత్రకారులెవరూ దీని ఊసెత్తలేదు. వాళ్ళలో బస్తా మోసినవాడు లేకపోవడమే అందుకు కారణం. సంచి మూతి కుట్టేటప్పుడు రెండు మూలల్లోనూ గుప్పెడు గోనె వదిలి, పురికొసతో నాలుగు చుట్లు బిగించి చుడితే అవే చెవులు. వాటిని పట్టుకుంటే బస్తా లేస్తుంది. అవి లేకపోతే మనిషి కూలబడతాడు.

సముద్రం అవతల అరబ్బు దేశంలో, మత్రా రేవు పక్క గోదాములో ఈ చెవుల శాఖ లచ్చన్నది. జగిత్యాల గంజిలో, అంటే ధాన్యం బజారులో, పద్దెనిమిదేళ్ళు హమాలీ చేశాడు. చెవుల్లేని బస్తా ఒకటి జారి ఎడమకాలి బొటనవేలిని శాశ్వతంగా చదును చేశాక దబ్బనం పట్టాడు. ఓడ దింపుడులో చిరిగిన సంచుల బియ్యాన్ని కొత్త సంచుల్లో నింపితే, మూతి కుట్టి, చెవులు పెట్టి, బహ్లా లాంటి లోపలి ఊళ్ళ లారీలకు అప్పగించడం అతని డ్యూటీ. దబ్బనం ఎప్పుడూ తలరుమాలులోనే ఉండేది, రాజుగారి కిరీటంలో ఈకలాగా.

1975లో ఆ గోదాములోకి అభివృద్ధి దిగింది. అది పసుపు రంగులో, ముందు రెండు ఇనుప కొమ్ములతో ఉండేది. కొమ్ముల మీద చెక్కపీట, పీట మీద ఇరవై బస్తాలు పెట్టుకుని, మనిషి చెయ్యి తగలకుండా తిరిగేది. అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు గోడకు ఒక పటం తగిలించి పనివాళ్ళకు ఉపన్యాసమిచ్చాడు. ఖర్జూరం బొంబాయికీ బియ్యం ఇక్కడికీ తెరచాపల మీద తిరిగిన రెండు వందల ఏళ్ళు ఆ పటంలో నేల మీద పాకే గీత. ఈ నాలుగేళ్ళు మాత్రం తాటిచెట్టు ఎక్కినట్టు నిలువునా లేచాయి. గీత ఇంకా పైకి పోకుండా అడ్డుపడుతున్నదేమిటో ఆయన గడియారం పెట్టి మరీ కనిపెట్టాడు. బస్తాకు ముప్పావు నిమిషం చెవులకే పోతోంది. పైగా అవి పీట బయటికి పొడుచుకొచ్చి దొంతి వంకరపోతోంది.

“రేపటి సంది చెవులు బంద్,” అని మేస్త్రీ ఖమరుద్దీన్ తర్జుమా చేశాడు. ఆయనది హైదరాబాదు పాతబస్తీ.

“మరి లారీ దించెటోళ్ళు ఏడ వట్టుకోవాలె?” అన్నాడు లచ్చన్న.

“మిషన్ దించుతది.”

“బహ్లాల మిషనున్నదా?”

“వస్తదయ్యా. తరక్కీ అంటే, ముందుకు పోవుడంటే అదే కదా.”

“అది వచ్చినంక చెవులు కోస్త. అందాక కుడ్త.”

లచ్చన్న ఏమన్నాడని ముదీర్ అడిగితే, “ఆలోచిస్తాడట సార్,” అన్నాడు ఖమరుద్దీన్.

మర్నాడు లచ్చన్న అరవై బస్తాలకు నూట ఇరవై చెవులు పెట్టాడు. వారంలో దారికి రాకపోతే బతాకా రద్దు చేసి ఇంటికి పంపుతానన్నాడు ముదీర్. బతాకా అంటే ఆ దేశంలో పని చేసుకోనిచ్చే కార్డు. బహ్లా లారీకి కుట్టే పని దేవయ్యకు ఇచ్చారు. దేవయ్య లచ్చన్న ఊరివాడే. రూమ్‌లో పక్క మంచం.

“జర అనిగిమనిగి ఉండు మామా. ఇంటికాడ కనకవ్వత్తకు ఏం జెప్తవు, చెవుల కోసం కొలువు వోగొట్టుకున్ననంటవా?”

“అట్లనే చెప్త. మీ యత్త గంజిల బస్తాలు ఎత్తిచ్చింది. దానికి నీకంటె ఎక్కువ ఎర్క.” లచ్చన్న దేవయ్య కుట్టిన వాటిని కాలితో నొక్కి చూశాడు. “ఇవి బస్తాలా అల్లుడా? అత్తగారింటి దిండ్ల లెక్కున్నయి.”

నాలుగో రోజు, లచ్చన్నకు ఇచ్చిన వారం ఇంకా తీరకముందే, లారీ తిరిగొచ్చింది. నలభైకి నలభై దిండ్లూ అందులో అలాగే ఉన్నాయి. బహ్లాలో ఆ బియ్యం కొనేది అజీజా. భర్త పోయాక కొట్టు నడుపుతోంది, ఆడపడుచు హలీమాతో కలిసి సరుకు తనే దించుకుంటుంది. ఆమె చెప్పి పంపిన మాటను డ్రైవరు అప్పగించాడు. ఈసారి ఖమరుద్దీన్ ఒక్క ముక్క కూడా మింగకుండా తర్జుమా చేశాడు:

“మా తాతల నాడు ఒంటె మీద వచ్చిన బస్తాకు కూడా చెవులుండేవి. ఒకటి నేను పడతాను, ఒకటి హలీమా పడుతుంది. వీటిని దించాలంటే దించేవాణ్ణి కూడా లారీలోనే పంపండి.”

ముదీర్ పటం ముందు నిలబడి గీతను మొదటి నుంచీ వేలితో తడిమాడు. ఒంటెల కాలం ఆ గీతలో ఎక్కడా లేదు. చివరికి బహ్లా బస్తాలకు మాత్రం చెవులు ఉండవచ్చునని సెలవిచ్చాడు.

“నీ నౌకరీ పక్కా లచ్చన్నా. ముదీర్ సాబ్‌కు షుక్రియా చెప్పు,” అన్నాడు ఖమరుద్దీన్.

“ఆయనకెందుకు? చెప్తే బహ్లా అవ్వకు చెప్పాలె.”

లచ్చన్న రుమాలులోంచి దబ్బనం తీశాడు. దేవయ్య కుట్లన్నీ విప్పి నలభై బస్తాలకూ మళ్ళీ చెవులు పెట్టాడు. అవి మామూలుకన్నా బెత్తెడు పెద్దవి. పటం దగ్గర నిలబడ్డా కనిపించేంత.

కంట్రాక్టు తీరేదాకా, ఇంకో పద్నాలుగు నెలలు, అతను అలాగే కుట్టాడు. అతను ఊరికి వెళ్ళిన నెలలోనే బహ్లాకు బియ్యం చెవులు అక్కర్లేని పది కిలోల సంచుల్లో పోవడం మొదలైంది.